ఇంగ్లండ్‌లో బిల్డర్‌తో గొడవ: సొలిసిటర్ లేకుండా నేరుగా బారిస్టర్‌ని పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెడింగ్‌లో ఇంటి వెనక ఎక్స్‌టెన్షన్ కట్టించారు. రూఫ్ కారుతోంది, బిల్డింగ్ కంట్రోల్ వాళ్లు (కట్టడం నియమాల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లు) కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. బిల్డరేమో చివరి విడత డబ్బు చేతిలో పడితేగానీ రానంటున్నాడు, పైగా కోర్టుకెళ్తానని బెదిరిస్తున్నాడు. ఆ చివరి విడత కట్టాలా వద్దా అన్నది మీ సందేహం. సొలిసిటర్ (కేసు నడిపే లాయరు) చెప్పిన ఖర్చు విని మీకు గుండె జారింది. నేరుగా బారిస్టర్ (కోర్టులో వాదించే లాయరు) దగ్గరికి వెళ్తే చవకలో అయిపోతుందని ఎవరో చెప్పారు.

వెళ్లొచ్చండీ. మేమూ వెళ్లాం, పని అయింది. కానీ ఆ "చవక" దగ్గరే కాస్త ఆగండి. సొలిసిటర్ చేసే చాకిరీ మాయమైపోదు, అదంతా మీ నెత్తిన పడుతుంది. ఉత్తరాలు రాయడం, గడువులు చూసుకోవడం, కాగితాలు వరసగా పెట్టడం, అవతలి వైపు లాయర్ ఈమెయిళ్లకు జవాబివ్వడం అన్నీ మీవే. ఆఫీసు నుంచి వచ్చాక ఇదంతా చేయగలిగితేనే లాభం.

మన దగ్గర 1961 అడ్వకేట్ల చట్టం తర్వాత ఒకే లాయరు కేసు దాఖలు చేస్తాడు, ఆయనే వాదిస్తాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇప్పటికీ రెండు వృత్తులు. కేసు నడిపేది సొలిసిటర్, సలహా రాసి కోర్టులో వాదించేది బారిస్టర్. మామూలు జనం నేరుగా బారిస్టర్‌ని పెట్టుకునే వీలు 2004లో వచ్చింది, దాన్ని పబ్లిక్ యాక్సెస్ అంటారు. అందుకు ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్లే ఇలాంటి కేసులు తీసుకోవాలి. ఎవరికి అనుమతి ఉందో బారిస్టర్లను నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డు రిజిస్టర్‌లో ఉచితంగా చూడొచ్చు. వెతకడానికి బారిస్టర్ల వృత్తి సంఘం బార్ కౌన్సిల్ నడిపే డైరెక్ట్ యాక్సెస్ పోర్టల్ ఉంది. ఇంకో సంగతి, సొలిసిటర్ ద్వారా వచ్చిన కేసును బారిస్టర్ ఊరికే కాదనకూడదన్న నియమం పబ్లిక్ యాక్సెస్‌కి వర్తించదు. మీ ఫైలు గందరగోళంగా కనిపిస్తే "మా వల్ల కాదు" అనే హక్కు వాళ్లకుంది. అందుకే మొదటి ఈమెయిల్ రెండు పేరాల్లో శుభ్రంగా ఉండాలి: ఎంత కాంట్రాక్టు, ఎంత కట్టారు, ఏం చెడింది, మీకేం కావాలి. అంతే. బావగారు ఏమన్నారో, బిల్డర్ ఎంత దురుసుగా మాట్లాడాడో అందులో వద్దు.

మీరు మాట్లాడేది ముందు బారిస్టర్‌తో కాదు, ఛాంబర్స్‌లోని (బారిస్టర్లు కలిసి నడుపుకునే ఆఫీసు) క్లర్క్‌తో. మన కోర్టు గుమాస్తాలా అనుకోకండి. ఏ బారిస్టర్ ఖాళీగా ఉన్నారు, ఫీజెంత అనేది తేల్చేది ఆ మనిషే. ఫీజు బేరం ఆయనతోనే, బేరం ఆడొచ్చు కూడా. పాస్‌పోర్టు, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. తర్వాత ఏ పని చేస్తారో, దానికి ఎంతో రాసిన ఉత్తరం వస్తుంది. బారిస్టర్లు క్లయింటు డబ్బు తమ దగ్గర పెట్టుకోకూడదు, కాబట్టి సాధారణంగా ఒక్కో పనికీ ముందే ఫీజు కట్టేస్తాం. చెప్పిన ఫీజు మీద 20 శాతం వ్యాట్ కలుస్తుందో లేదో ముందే అడగండి.

మేం కేసు మొత్తం అప్పజెప్పలేదు. అవసరమైన చోట్ల మాత్రం మా బారిస్టర్ బుర్రను కొనుక్కున్నాం. ముందు ఒక చిన్న కాన్ఫరెన్స్ (ఆమెతో మీటింగు), సర్వేయర్ (కట్టడాన్ని పరీక్షించి లోపాలు రాసే నిపుణుడు) రిపోర్టు వచ్చాక రాతపూర్వక సలహా, తర్వాత క్లెయిమ్ పత్రాలు, చివర్లో మీడియేషన్‌కి (మధ్యవర్తి సాయంతో రాజీ) ముందు మళ్లీ ఒక మాట. సొలిసిటర్ కంపెనీ మొత్తం కేసుకి చెప్పిన అంచనా మేం అడుగుతున్న నష్టపరిహారంలో సగం దాటింది. మాకైన ఖర్చు దానికన్నా చాలా తక్కువ.

ఆ మొదటి కాన్ఫరెన్స్ సర్వేయర్‌ని పెట్టుకోకముందే ఉండాలి, ఇది గట్టిగా చెప్తున్నా. కోర్టు అనుమతి లేకుండా నిపుణుడి సాక్ష్యం చెల్లదు. చిన్న క్లెయిముల్లో ఇద్దరికీ కలిపి ఒకే నిపుణుణ్ని పెట్టమని జడ్జి అనొచ్చు. మీరు వేలు పోసి తెప్పించుకున్న రిపోర్టు అప్పుడు పక్కన పడుతుంది. మా బారిస్టర్ సర్వేయర్‌కి అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసిచ్చింది. రిపోర్టు రాసే సర్వేయర్ డబ్బిచ్చిన మనకు కాకుండా కోర్టుకు జవాబుదారీ అని, ఆయన్ను మన వైపు మాట్లాడమని ఒత్తిడి పెట్టొద్దని కూడా చెప్పింది.

అసలు కేసు స్కాట్ షెడ్యూల్‌లో ఉంటుంది. కట్టడం గొడవల్లో ఇక్కడ కోర్టులు వాడే పట్టిక అది. ఒక్కో లోపానికి ఒక్కో వరస: లోపమేంటి, డ్రాయింగ్ ప్రకారమో ప్రమాణం ప్రకారమో ఎలా ఉండాలి, సరిచేయడానికి ఎంత, బిల్డర్ జవాబేంటి, చివర జడ్జికి ఖాళీ గడి. నేను మొదట రాసుకెళ్లిన జాబితాలో "రూఫ్ పని దరిద్రంగా ఉంది" అన్న రకం వాక్యాలున్నాయి. "దేనితో పోలిస్తే దరిద్రం?" అని బారిస్టర్ అడిగింది. ఫ్లాట్ రూఫ్ పూర్తయ్యాక కనీసం 80కి 1 వాలు (80 అంగుళాల పొడవుకి 1 అంగుళం దిగాలి) ఉండాలని బ్రిటిష్ ప్రమాణం చెప్తుంది. మా రూఫ్ మీద వాన వెలిశాక కూడా నీళ్లు నిలిచేవి. సర్వేయర్ కొలిచి ఆ అంకె రాశాడు, వరసలో అది పెట్టాం. అంతకుముందు వాదనలతో ఊదరగొట్టిన బిల్డర్ ఆ గడిలో ఏమీ రాయలేకపోయాడు. గోడ రంగు, స్విచ్చుల వంకర లాంటి చిల్లర వరసలన్నీ ఆమె కొట్టేయించింది. నాకప్పుడు ఒళ్లు మండింది గానీ, జడ్జికి ఇరవై వరసలు చదివే ఓపిక ఉంటుందా?

చట్టం సంగతి. వాట్సాప్ గ్రూపుల్లో "కన్జ్యూమర్ కోర్టుకెళ్లు" అని సలహా ఇస్తుంటారు. ఇక్కడ విడిగా వినియోగదారుల కోర్టు లేదు, మామూలు సివిల్ కేసులు చూసే కౌంటీ కోర్టే. కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ పని చూసి వెళ్లాడు కదా, కౌన్సిల్ మీద వేద్దామన్న ఆలోచన కూడా వదిలేయండి. మర్ఫీ కేసులో 1990లోనే అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ దారి దాదాపు మూసేసింది. మీకు అండ 2015 వినియోగదారుల హక్కుల చట్టం. పని తగిన నైపుణ్యంతో, శ్రద్ధతో చేయాలి. చేయకపోతే మళ్లీ చేయమనో, ధర తగ్గించమనో అడగొచ్చు. అందుకే బిల్డర్‌కి సరిచేసే అవకాశం ఇస్తూ గడువుతో ఒక ఈమెయిల్ పంపండి. అది లేకుండా వేరేవాళ్లతో చేయించేస్తే, "నన్ను రానివ్వలేదు" అని తిప్పికొడతాడు.

కోర్టు బయట ఒక నిపుణుడు 28 రోజుల్లో తీర్పిచ్చే అడ్జుడికేషన్ గురించి మీరు విని ఉంటారు. 1996 చట్టం కట్టడం కాంట్రాక్టుల్లో ఇచ్చిన ఆ హక్కు, మనం ఉండే ఇంటి పనులకు తనంతట తాను వర్తించదు. మీ కాంట్రాక్టులో రాసి ఉంటేనే. జేసీటీ (కట్టడం కాంట్రాక్టుల నమూనాలు ప్రచురించే సంస్థ) వాళ్ల ఇంటి యజమానుల కాంట్రాక్టు మీద సంతకం చేసి ఉంటే ఒకసారి తిరగేయండి.

కోర్టుకు వెళ్లేముందు పాటించాల్సిన పద్ధతి ఒకటుంది, ప్రీ-యాక్షన్ ప్రొటోకాల్ అంటారు. క్లెయిమ్ లెటర్ పంపితే అవతలివాళ్లు 14 రోజుల్లో అందిందని చెప్పాలి, 28 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఉత్తరం మా బారిస్టర్ రాసింది, నా పేరుతో నేను పంపాను. కేసు వేయాల్సి వచ్చినా మీరే వేయాలి, ఎందుకంటే మామూలు బారిస్టర్‌కి కోర్టులో కేసు దాఖలు చేసి నడిపే అధికారం ఉండదు. ఆ ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు కొందరున్నారు, క్లర్క్‌ని అడగండి. లేకపోతే రికార్డుల్లో మీ కేసు మీరే నడుపుకుంటున్నట్టు లెక్క. ఇబ్బంది కలిగేది ఇక్కడే. ఆమె వేరే ట్రయల్‌లో ఉన్నప్పుడు రోజుల తరబడి జవాబు రాదు, అవతలి సొలిసిటర్ ఏమో శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ కొడతాడు. కంగారుపడి అప్పటికప్పుడు తిరగరాయకండి. "అందింది, ఫలానా తేదీలోగా జవాబిస్తాను" చాలు.

ఇవన్నీ చేసేముందు కంపెనీస్ హౌస్‌లో (కంపెనీల ప్రభుత్వ రిజిస్టర్) బిల్డర్ కంపెనీని చూడండి, ఉచితమే. ఖాతాలో చిల్లిగవ్వ లేని కంపెనీ మీద గెలిచి చేసేదేముంది? కంపెనీని మూసేయడానికి దరఖాస్తు పెట్టి ఉంటే, బాకీ ఉందని మీరు అభ్యంతరం చెప్పొచ్చు. డిపాజిట్ క్రెడిట్ కార్డుతో కట్టారా? పని ధర 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే, 1974 క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకునే అడగొచ్చు. ఆ దారి ఉంటే బారిస్టర్ అవసరమే రాకపోవచ్చు.

మాది మీడియేషన్‌లో తేలింది. ఎంతకి ఒప్పుకోవచ్చో ఆమె ముందే ఒక అంకె చెప్పింది, దానికి కాస్త అటుఇటుగా ఆగింది. బిల్డర్ చివరి విడత వదులుకుని, మిగతాది వాయిదాల్లో కట్టాడు. ఇద్దరు ముగ్గురు ప్రతివాదులు, ఆర్కిటెక్టు, ఇంజినీరు, ఇన్సూరెన్స్ కంపెనీ ఉన్న పెద్ద కేసైతే మాత్రం ఈ దారి నేను చెప్పను. అక్కడ కాగితాలే మిమ్మల్ని ముంచేస్తాయి, సొలిసిటర్ కావాలి. క్లెయిమ్ 10,000 పౌండ్ల లోపైతే మరో లెక్క. అలాంటి చిన్న కేసులకున్న స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో గెలిచినా లాయర్ ఫీజు దాదాపు తిరిగి రాదు. ఒక్క రాతపూర్వక సలహా తీసుకుని మిగతాది మీరే చేసుకోవడం మేలు.

ఇక చివరి విడత కట్టాలా అన్నారు. సరిచేసే ఖర్చు అంతకన్నా ఎక్కువని సర్వేయర్ రాసిస్తే, ఎందుకు ఆపారో ఈమెయిల్‌లో కారణాలతో చెప్పి ఆపండి. ఊరకే మౌనంగా ఉండొద్దు. ఒకవేళ కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే, అందిన తర్వాత జవాబుకి 14 రోజులే. అక్‌నాలెడ్జ్‌మెంట్ (క్లెయిమ్ అందిందని చెప్పే ఫారం) దాఖలు చేస్తే మొత్తం 28 రోజులు దొరుకుతాయి. అది అదే రోజు ఆన్‌లైన్‌లో పెట్టేసి, డిఫెన్స్‌తో (మీ జవాబు) పాటు కౌంటర్‌క్లెయిమ్ (బిల్డర్ మీద మీ ఎదురు క్లెయిమ్) కూడా రాయించాలని క్లర్క్‌కి ఫోన్ చేయండి. కౌంటర్‌క్లెయిమ్‌కి విడిగా కోర్టు ఫీజు ఉంటుంది, 10,000 దాటితే అది 5 శాతం.