స్కూటర్ ప్లగ్గు ఎప్పుడు మార్చాలి: నా బండికి ఒక లెక్క, మా అక్క బండికి ఇంకో లెక్క

మీరు అడిగింది ఇది: 110 సీసీ స్కూటర్, కొని మూడేళ్లయింది, 14,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున పూట సెల్ఫ్ మూడు నాలుగు సార్లు నొక్కితే గానీ స్టార్ట్ కావట్లేదు. మెకానిక్ కొత్త ప్లగ్గు (ఇంజన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గు) వేద్దామంటున్నాడు. మీ మామయ్యగారేమో గరుకు కాగితంతో రుద్ది పెట్టుకుంటే చాలు, డబ్బులు దండగ అంటున్నారు.

మెకానిక్ మాట వినండి. మొదటి ప్లగ్గే ఇంకా ఉంటే 14,000 కిలోమీటర్లకు మార్చడం తొందరేమీ కాదు. కాకపోతే పాత ప్లగ్గు విప్పాక దాన్ని పారేయనివ్వకుండా మీ చేతిలోకి తీసుకుని చూడండి. నేను ఆ పని చేయక చాలాకాలం ఇబ్బంది పడ్డాను.

మాది నకిరేకల్, ఉద్యోగం సూర్యాపేటలో. రానూపోనూ రోజుకు యాభై కిలోమీటర్లు, దాదాపు అంతా హైవేనే. నా బండి సర్వీసు పుస్తకంలో 12,000 కిలోమీటర్లకు ప్లగ్గు మార్చాలని ఉంది. నేను తిరిగే తిరుగుడుకు అది ఏడాదిలోపే వచ్చేస్తుంది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ "ప్లగ్గు బాగానే ఉంది సార్, క్లీన్ చేసి పెట్టాం" అనేవారు. బండి సెల్ఫ్‌కే లేస్తోంది కాబట్టి నేనూ పట్టించుకోలేదు. అలా కంపెనీ నుంచి వచ్చిన ప్లగ్గుతోనే 19,000 దాటించాను.

ఒక జనవరి నెలలో తేడా మొదలైంది. ఒక్కడినే వెళ్తే ఏమీ ఉండేది కాదు. మా ఆవిడ వెనక కూర్చుంటే, ఎక్కుడు దారిలో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్లీ అందుకునేది. ఒకరోజు కేతేపల్లి దాటాక లారీని దాటబోతుంటే సరిగ్గా లారీ పక్కకు వచ్చేసరికి అలా మిస్సింగ్ కొట్టింది. ఎదురుగా బస్సు. బ్రేకు వేసి లారీ వెనక్కి వచ్చేశాం కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ప్లగ్గును చిన్న వస్తువుగా చూడటం మానేశాను.

మర్నాడు ప్లగ్గు విప్పించి అరచేతిలో పెట్టుకుని చూశాను. రంగు చూస్తే బిస్కెట్ రంగు, ఎక్కడా మసి లేదు. క్లీన్ చేసి పెట్టామన్నవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. కానీ మధ్యలో ఉండే మొన చూస్తే, కొత్త ప్లగ్గులో అంచు పదునుగా, బల్లపరుపుగా ఉంటుంది కదా, నా దాంట్లో వాడి వాడి అరిగిన పెన్సిల్ ముల్లులా గుండ్రంగా అయిపోయింది. పైన వంగి ఉండే కొక్కెం లోపలి వైపు కూడా చిన్న గుంట పడింది. మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకుల కట్ట) ఉంటే అడిగి తీసుకున్నాను. నా బండికి ఆ రెండింటి మధ్య సందు 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉండాలి. 1.1 రేకు కూడా ఎక్కడా తగలకుండా దూరిపోయింది.

0.2 మిల్లీమీటర్లతో ఏమవుతుంది అనిపిస్తుంది. సందు పెరిగేకొద్దీ నిప్పురవ్వ దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. యాక్సిలరేటర్ తిప్పి లోడు పెంచితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు దూకడం ఇంకా కష్టం. ప్లగ్గుకు ఆ వోల్టేజీ అందించే కాయిల్ అంత ఇవ్వలేని క్షణంలో రవ్వ పడదు, ఆ ఒక్క దెబ్బ పోతుంది. మనకు తెలిసే కుదుపు అదే. చలికాలం పొద్దున బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ఇబ్బంది వచ్చేదీ ఇందుకే. మీ బండి లక్షణం ఈ రెండో రకంలా ఉంది. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే ఫోర్ స్ట్రోక్ బండిలో ప్లగ్గు 2,500 సార్లు మంట అంటించాలి. నా ప్లగ్గు రోజుకు గంటన్నర చొప్పున అదే పని చేసింది. అరగక ఏం చేస్తుంది?

ఇక మా అక్క బండి సంగతి. ఆమె ఉండేది హైదరాబాద్‌లో. పిల్లాణ్ని బడిలో దింపడం, కూరగాయలు, పాలు. ఎటు వెళ్లినా కిలోమీటరు, కిలోమీటరున్నర. నాలుగేళ్లకు 7,000 కూడా తిరగలేదు. కిలోమీటర్ల లెక్క ప్రకారం ఆ ప్లగ్గుకు ఇంకా చాలా ఆయుష్షు ఉండాలి. అయినా పొద్దున్నే కిక్కులు కొట్టి కొట్టి ఆమె కాలు నొప్పి పెట్టేది. సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే విప్పాను. కాటుక పెట్టినట్టు నల్లగా, పొడిపొడిగా మసి. వేలితో తుడిస్తే వేలంతా అంటుకుంది. మొన మాత్రం ఇంచుమించు కొత్తదానిలాగే ఉంది.

ప్లగ్గు మొన దాదాపు 450, 500 డిగ్రీలు దాటి వేడెక్కితేనే దానికి పట్టిన కార్బన్ దానంతటదే కాలిపోతుంది. ఇంజన్ వేడెక్కేలోపే బడి వచ్చేస్తే, బండి ఆపేస్తే, ఆ మసి పొర మీద పొరగా పేరుకుంటుంది. దానికి తోడు ఆమె బండి ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంది. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, మసి ఇంకా పెరుగుతుంది. ముందు కొత్త ప్లగ్గు ఒక్కటే వేశాం. మూడు నెలల్లో అదీ నల్లబడింది. తర్వాత ఫిల్టర్ మార్చి, వారానికి ఒక్కసారైనా ఆగకుండా పది పదిహేను కిలోమీటర్లు తిప్పమన్నాను. ఇప్పుడు ఆదివారం పూట ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు ఒక చుట్టు తిరిగి వస్తుంది. ప్లగ్గు గోధుమ రంగులోకి వచ్చింది.

అందుకే ఎన్ని కిలోమీటర్లకు అన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పలేను. మీ బండి పుస్తకంలో ఏముందో అదే మొదటి ప్రమాణం. పుస్తకం దొరక్కపోతే మామూలు నికెల్ మొన ప్లగ్గును 5,000, 6,000 మధ్య ఒకసారి విప్పి చూడండి, 10,000 నుంచి 12,000 లోపు మార్చేయండి. ఇరీడియం అనే గట్టి లోహపు మొన ఉన్న ప్లగ్గయితే ఇంకా చాలా ఎక్కువ కాలం వస్తుంది. దాని మొన సన్నగా, సున్నితంగా ఉంటుంది కాబట్టి సందు సర్దుతామని దాన్ని వంచడం, రుద్దడం చేయనివ్వకండి.

రంగు గురించి ఇంకో రెండు మాటలు. మసి పొడిగా కాకుండా జిడ్డుగా, తడిగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోందని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో చూపించుకోవాలి, ఎన్ని ప్లగ్గులు మార్చినా అది తగ్గదు. తెల్లగా కాలిపోయి, చిన్న చిన్న పొక్కుల్లా ఉంటే ఇంజన్ మరీ వేడెక్కుతోంది, లేదా బండికి సరిపడని ప్లగ్గు వేశారు. ఈ తెల్ల రంగును అస్సలు నిర్లక్ష్యం చేయకండి, పిస్టన్‌కే ముప్పు.

మీ మామయ్యగారి మాటకు వస్తాను. ఆయన అనుభవం తప్పు కాదు. మా నాన్నగారికి బజాజ్ చేతక్ ఉండేది, పాత టూ స్ట్రోక్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి, ఆ ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి ప్లగ్గుకు కార్బన్ పట్టి షార్ట్ అవడం మామూలే. డిక్కీలో ప్లగ్గు పానా, గరుకు కాగితం ముక్క, అదనపు ప్లగ్గు ఎప్పుడూ ఉండేవి. రోడ్డు పక్కన బండి పక్కకు వంచి, ప్లగ్గు విప్పి రుద్ది, మళ్లీ బిగించి వెళ్లిపోయేవారు. ఆ బండికి అదే సరైన వైద్యం. మీది ఫోర్ స్ట్రోక్. ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యేది అరుగుదల. రుద్దితే మసి పోతుంది, అరిగిన లోహం తిరిగి రాదు. పైగా ఆ కాగితం నుంచి రాలిన పొడి పింగాణీ చుట్టూ ఉన్న సందులో ఇరుక్కుంటుంది. కొత్తది తక్కువ ఖర్చులోనే దొరుకుతున్నప్పుడు ఆ శ్రమ ఎందుకు?

కొనేటప్పుడు పాత ప్లగ్గు మీదున్న నంబరు పూర్తిగా రాసుకుని వెళ్లండి. నాది ఎన్‌జీకే కంపెనీది, దాని మీద సీపీఆర్7ఈఏ-9 అని ఉంటుంది. అందులో సీ అంటే 10 మిల్లీమీటర్ల మర, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, 7 అనేది వేడి శ్రేణి (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె), చివరి 9 అంటే 0.9 మిల్లీమీటర్ల సందు. ఆర్ అంటే లోపల రెసిస్టర్ (రవ్వ వల్ల పుట్టే విద్యుత్ అలజడిని తగ్గించే భాగం) ఉందని. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఆ ఆర్ లేని ప్లగ్గు వేస్తే ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌కు, ఇబ్బంది రావచ్చు. "ఇదీ అదే సైజు, పట్టేస్తుంది" అంటే ఒప్పుకోవద్దు. మర పట్టినా పొడవు తేడా ఉంటే పిస్టన్‌కు తగలొచ్చు.

మీరే మార్చుకుందామనుకుంటే ఒక్క జాగ్రత్త. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఆఫీసుకు టైమవుతోందని, దూరం నుంచి వచ్చిన బండిని చల్లారనివ్వకుండా ఒక మెకానిక్ దగ్గర విప్పించాను. అతను కొత్తదాన్ని వేలితో కాకుండా మొదటి చుట్టు నుంచే పానాతో తిప్పాడు. వంకరగా ఎక్కి మర చెడిపోయింది. ప్లగ్గు బిగించే సిలిండర్ హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. ఆ రెండూ గొడవపడితే ఓడేది హెడ్డే. లేతు షాపులో బుష్ (చెడిన మర స్థానంలో కొత్త మర ఉన్న లోహపు గొట్టం) వేయించేసరికి ప్లగ్గు ఖరీదుకు పది రెట్లు పైనే అయింది, రెండు రోజులు బస్సులో తిరిగాను.

అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. విప్పేముందు ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. చెయ్యి దూరదు కాబట్టి నేను పాత పెట్రోల్ పైపు ముక్కను ప్లగ్గు తలకు తొడిగి, దాంతో మెల్లగా తిప్పుతాను. మర వంకరగా ఉంటే పైపు జారిపోతుంది, బలవంతం చేసే వీలే ఉండదు. వాషర్ ఆనేదాకా అలా వెళ్లాక పానాతో అర చుట్టు, అంతే. పాత ప్లగ్గునే తిరిగి పెడుతుంటే అర చుట్టు కూడా వద్దు, కొద్దిగా బిగిస్తే చాలు. క్యాప్ టక్కుమని కూర్చుందో లేదో చూసుకోండి, వానాకాలంలో సగం ఇబ్బందులు వదులు క్యాప్ వల్లే వస్తాయి.

కొత్తది వేశాక కూడా పొద్దున అలాగే మొరాయిస్తే ఇక ప్లగ్గును వదిలేసి బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్, వాల్వు సందు చూపించండి. మూడేళ్ల బండికి బ్యాటరీ మీదే నాకు ఎక్కువ అనుమానం. ఈలోగా పాత ప్లగ్గు విప్పాక పగటి వెలుతురులో దగ్గర నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, రోజుకు ఎంత దూరం, ఎలా తిరుగుతారో కూడా రాయండి. చూసి చెప్తాను.