వయసైన యజమాని దగ్గర నడుస్తున్న యూనిట్ కొనాలంటే ఎక్కడ వెతకాలి, మాట ఎలా కదపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఉద్యోగం మానేసి, చెన్నైలో చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒక చిన్న ఫ్యాక్టరీ కొందామనుకుంటున్నారు. యజమాని పెద్దవయసు ఆయన అయి, పిల్లలు ఆ పని చూసుకోని చోటు అయితే మేలనుకుంటున్నారు. అలాంటి వాళ్లు ఎక్కడ దొరుకుతారు, వెళ్లి ఏమని అడగాలి అని. నేను నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కటింగ్ టూల్స్ అమ్మే ఉద్యోగం చేశాను. తర్వాత అక్కడే ఒక ప్రెస్ షాపు, అంటే ప్రెస్సు మెషీన్ల మీద లోహపు రేకు నుంచి విడిభాగాలు చేసే షెడ్డు, ఇలాగే ఒక పెద్దాయన దగ్గర కొన్నాను, ఇప్పటికీ నడుపుతున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తెలుసుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఇలాంటి యజమాని అమ్ముదామని మనసులో ఎంత అనుకున్నా పైకి చెప్పరు, చెప్పే వీలుండదు. "ఫలానా ఆయన అమ్మేస్తున్నారట" అన్న మాట టీ కొట్టు దాకా వచ్చిందంటే, సరుకు తీసుకునే కంపెనీ పర్చేజ్ వాళ్లు ఇంకో సప్లయర్‌ని చూసుకుంటారు. మంచి ఫిట్టర్ పక్క వీధి షెడ్డుకు వెళ్లిపోతాడు. స్టీలు షాపువాడు అరువు తగ్గిస్తాడు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (రోజువారీ ఖర్చులకు వాడుకునే అప్పు) రెన్యువల్‌కి వెళితే కొత్త ప్రశ్నలు మొదలవుతాయి. ఆరు నెలల్లో అమ్మడానికి మెషీన్లు తప్ప ఏమీ మిగలదు. అందుకే ఆన్‌లైన్‌లో "అమ్మకానికి" అని కనిపించే యూనిట్లలో చాలావాటికి ఆర్డర్లు అప్పటికే పోయి ఉంటాయి. మంచి యూనిట్ బోర్డు పెట్టుకుని అమ్మకానికి రాదు. విషయం బయటికి పొక్కనివ్వని మనిషి అని మీ మీద నమ్మకం కుదిరితేనే ఆ పెద్దాయన నోరు విప్పుతారు.

ఇప్పుడు వెతకడం. అంబత్తూరు ఎస్టేట్ 1964లో మొదలైంది, గిండీ ఎస్టేట్ అంతకంటే ముందు, 1958లో. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక చిన్న పరిశ్రమలకు అప్పులు దొరకడం తేలికైంది. కొన్ని వస్తువులు చిన్న పరిశ్రమలే తయారు చేయాలన్న రిజర్వేషన్ కూడా 1967 నుంచి ఉండేది, 2015లో పూర్తిగా ఎత్తేశారు. ఆ రోజుల్లో డిప్లొమా చదివి, పెద్ద కంపెనీలో కొన్నాళ్లు పని నేర్చుకుని, ఒక లేతు, ఒక ప్రెస్సుతో షెడ్డు వేసుకున్న కుర్రాళ్లే ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోనో అమెరికాలోనో ఉంటారు.

ఎస్టేట్‌లో పని నడిచే వేళ ఒకసారి నడిచి చూడండి. ఊరి పేరు 1996లోనే మారినా "మద్రాసు-58" అనే ఉన్న బోర్డులు, ఏడంకెల ల్యాండ్‌లైన్ నంబరు అలాగే ఉన్న బోర్డులు కనిపిస్తాయి. లోపల మెషీన్ల చప్పుడు వినిపిస్తూ, బయట బోర్డు అలా ఉందంటే ఆ యూనిట్ గురించి వాకబు చేయడం మొదలుపెట్టొచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ ఎప్పుడు పెట్టారో, డైరెక్టర్లు ఎవరో ఉచితంగా చూడొచ్చు. వంద రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు కూడా తెరుచుకుంటాయి. ఎనభైల్లో పెట్టిన కంపెనీలో భార్యాభర్తలిద్దరే ఇంకా డైరెక్టర్లుగా ఉండి, కొత్త పేరు ఒక్కటీ చేరలేదంటే వారసుడు రాలేదని అనుకోవచ్చు. అయితే ఎస్టేట్‌లో చాలా యూనిట్లు ప్రొప్రైటర్‌షిప్‌లు (ఒక్కరి పేరు మీదే నడిచేవి), పార్ట్‌నర్‌షిప్‌లు. వాటి లెక్కలు అక్కడ దొరకవు. వాటికి మనుషులే దారి.

ఎవరా మనుషులు? అందరికంటే ముందు ఆడిటర్. ఎస్టేట్ చుట్టుపక్కల ఇరవై ముప్పై ఏళ్లుగా ఇవే యూనిట్ల లెక్కలు చూస్తున్న ఆడిటర్లు ఉంటారు. ఏ క్లయింటు అలసిపోయారో, ఎవరింట్లో ఈ మాట నడుస్తోందో వాళ్లకు తెలుసు, కానీ మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా. మీరు చేయాల్సిందల్లా మీరెవరు, మీ దగ్గర ఎంత డబ్బు ఉంది, ఎలాంటి యూనిట్ నడపగలరు అనేది ఒక పేజీలో రాసి ఇచ్చి, "మీకు సరైనదనిపించిన రోజు ఆయన్నే అడిగి, ఆయన సరేనంటేనే నాకు ఫోన్ చేయండి" అని చెప్పి రావడం. పేర్లు అడగకపోవడమే మీ మీద నమ్మకం పెంచుతుంది. ఆయిల్, టూల్స్ సప్లై చేసేవాళ్లకు, ప్రెస్సులు రిపేరు చేసే మెకానిక్కుకు, తుక్కు కొనేవాడికి కూడా చాలా తెలుసు. ఏ షెడ్డులో రెండో షిఫ్టు ఆగిపోయిందో ముందు తెలిసేది తుక్కు కొనేవాడికే. కానీ వాళ్ల దగ్గర వినండి, అంతే. మీరు కొనాలని చూస్తున్నట్టు వాళ్లకు చెప్పారంటే సాయంత్రానికి ఎస్టేట్ అంతా తెలుస్తుంది. అంబత్తూరు మాన్యుఫాక్చరర్ల సంఘం నడిపే అక్మీ మెషీన్ టూల్ ఎగ్జిబిషన్ కూడా పెద్దవాళ్లను తీరిగ్గా పలకరించడానికి మంచి చోటు. ఫ్యాక్టరీలో దొరకని తీరిక వాళ్లకు అక్కడ ఉంటుంది.

మాట కదపడం గురించి. కొత్త ఆర్డర్ ఇవ్వడానికి వచ్చినట్టు నటించి లోపలికి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నలభై ఏళ్లు పర్చేజ్ వాళ్లతో వేగిన మనిషికి నిమిషంలో తెలిసిపోతుంది. తెలిసినా తెలియకపోయినా, ఒక అబద్ధంతో మొదలైన పరిచయంలో ఆయన తన పుస్తకాలు ఎందుకు తెరవాలి? వాట్సాప్ మెసేజీ వద్దు, అది ఎవరికైనా ఫార్వర్డ్ అవుతుంది. ఫ్యాక్టరీకి వెళ్లొద్దు. ఆడిటర్ ద్వారా కబురు పంపి ఆదివారం ఇంట్లో కలవండి. ఒంటరిగా వెళ్లండి.

నేను కలిసిన పెద్దాయన వాళ్ల తాతల కాలంలోనే చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళం. మొదట అడిగింది, "ఏమప్పా, ఏ ఊరు మీది? ఎవరి దగ్గర పని చేసినావు?" అని. డబ్బు ఎంత ఉందని అడగలేదు. నేను ఎవరెవరికి టూల్స్ అమ్మానో చెప్పాను. ఆయన వాళ్లను వాకబు చేస్తారని తెలుసు, చేశారు కూడా. నేను చెప్పిన మాట ఇది: "సార్, మీరు అమ్ముతారా అని అడగడానికి రాలేదు. ఈ పని నేర్చుకుని నడపాలని ఉంది. ఎప్పుడైనా బాధ్యత తగ్గించుకోవాలనిపిస్తే ముందు నాతో ఒక మాట మాట్లాడండి. అప్పటిదాకా ఇది ఈ గది దాటదు." ఆ తర్వాత ఆయన మళ్లీ పిలిచేదాకా ఫోన్ చేయలేదు, పండక్కి నమస్కారం చెప్పడం తప్ప. ఆ మౌనాన్ని ఆయన గమనిస్తూనే ఉన్నారని తర్వాత వాళ్ల ఆవిడ చెప్పారు.

ఆవిడ సంగతి వేరే చెప్పాలి. చాలాచోట్ల అమ్మేద్దామన్న ఆలోచన ముందు ఇల్లాలికే వస్తుంది. ఆయన బీపీ, షుగరు, నెలాఖరు జీతాల టెన్షన్ ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలాగే అడ్డుపడేది దూరంగా ఉన్న కొడుకో కూతురో. ఫ్యాక్టరీ చూసుకోకపోయినా నాన్న కట్టినది పోతోందంటే వాళ్లకు బాధ ఉంటుంది. ధర మాట్లాడకముందే వాళ్లతో ఒకసారి వీడియో కాల్‌లో అయినా మాట్లాడండి. ఇది మర్యాద కోసమే కాదు. షెడ్డు స్థలం పిత్రార్జితమైతే కూతుళ్లకూ వాటా ఉంటుంది, తమిళనాడులో 1989 నుంచే ఆ హక్కు ఉంది. వాళ్ల సంతకాలు లేకుండా ఏ కాగితమూ నిలవదు.

ఇక లోపల ఏం కొంటున్నారో చూడటం. ఆయన నన్ను మొదటిసారి షాపు లోపలికి తీసుకెళ్లినప్పుడు, మాట్లాడుతూనే బిన్‌లోంచి ఒక వాషర్ తీసి అంచు మీద బొటనవేలు రాశారు. బర్ (అంచున లేచే గరుకు) పెరిగిందని తెలిసి, డై (రేకును ఆకారంలో కోసే అచ్చు) గ్రైండింగ్‌కి పంపమని ఆపరేటర్‌కి సైగ చేశారు. గోడ పొడవునా ర్యాకుల్లో డైలు. నాకు అవన్నీ ఆస్తిలాగే కనిపించాయి. ఆయనే చెప్పారు, పసుపు రంగు వేసినవి ఒక కంపెనీవి, నీలం రంగువి ఇంకో కంపెనీవి, రంగు లేనివే తనవని. జాబ్ వర్క్, అంటే వేరే కంపెనీ సరుకు మీద కూలికి పని, చేసే చోట డైలు చాలావరకు ఆర్డర్ ఇచ్చిన కంపెనీవే అయి ఉంటాయి, స్టీలు కూడా వాళ్లదే. ర్యాకులు చూసి లెక్క వేయకండి, డెలివరీ చలాన్లు చూసి వేయండి. అంతకంటే ముఖ్యమైనది ఆయన టేబుల్ సొరుగులో ఉన్న డైరీ. ఏ డై ఏ ప్రెస్సు మీద నడుస్తుంది, షట్ హైట్ (ప్రెస్సు కిందికి దిగినప్పుడు మిగిలే ఎత్తు) ఎంత పెట్టాలి, ఎన్ని స్ట్రోకులకు పదును పెట్టాలి, ఫలానా కంపెనీలో పేమెంటు ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ తమిళంలో ఆయన చేతిరాతలో ఉన్నాయి. డైరీలో లేనిది ఇంకా చాలా ఆయన తలలో ఉంది. మీరు నిజంగా కొంటున్నది అదే. అందుకే కొన్నాక ఆయన ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రోజులు, ఎంత జీతానికి వస్తారో అగ్రిమెంటులోనే రాసుకోండి. నోటి మాటగా వదిలేస్తే మొహమాటంతో మీరు పిలవలేరు, వద్దంటారేమో అని ఆయన రాలేరు.

ధర విషయంలో చాలామంది లాభాన్ని తప్పుగా చదువుతారు. షెడ్డు ఆయన సొంతం కాబట్టి పుస్తకాల్లో అద్దె ఉండదు. ఆయన రోజుకు పది గంటలు పని చేస్తారు, దానికి జీతం ఉండదు. ఉదాహరణకు లాభం 30 లక్షలు అని ఉందనుకోండి. అలాంటి షెడ్డుకు నెలకు లక్ష అద్దె అయితే 12 లక్షలు తీసేయాలి. ఆయన పని చేయడానికి 60 వేల జీతంతో మేనేజర్‌ని పెట్టుకుంటే ఇంకో 7 లక్షల 20 వేలు పోతాయి. మిగిలేది 10 లక్షల 80 వేలు. ధర దీని మీద మాట్లాడాలి. గ్రాట్యుటీ (మానేసేటప్పుడు పనివాళ్లకు సర్వీసును బట్టి ఇవ్వాల్సిన డబ్బు) కూడా చాలాచోట్ల లెక్కల్లో పక్కన పెట్టి ఉండరు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా తీసుకుని. 20 వేల జీతంతో 20 ఏళ్లు చేసిన ఒక్క మనిషికే సుమారు 2 లక్షల 30 వేలు అవుతుంది. అలాంటివాళ్లు పదిమంది ఉంటే 23 లక్షలు. ఇది ఆయన్ని ఇరుకున పెట్టడానికి వాడకండి. "మీ మనుషులకు రావాల్సింది ఎక్కడికీ పోకూడదు, దీనికి ఇద్దరం కలిసి ఏర్పాటు చేద్దాం" అని చెప్పండి. మా బేరం ముందుకు కదిలింది నేను ధర పెంచినందుకు కాదు, ఈ లెక్క నేనే తీసి ఆయన ముందు పెట్టినందుకు. అప్పటిదాకా తన తర్వాత ఫోర్‌మన్ సంగతేమిటన్న ప్రశ్న ఆయన్ని లోపల తొలిచేస్తోంది.

స్థలం కొనాలని పట్టుబట్టకండి. అంబత్తూరులో ఇప్పుడు స్థలం విలువ ముందు వ్యాపారం విలువ చాలా చిన్నది, రెండూ కలిపితే మీ డబ్బు మొత్తం మట్టిలోకి వెళ్తుంది. షెడ్డు ఆయన పేరునే ఉంచి అద్దెకు తీసుకోండి. ఆయనకు నెలనెలా ఆదాయం ఉంటుంది, పిల్లలకు ఆస్తి మిగులుతుంది. కాకపోతే 11 నెలల కాగితంతో సరిపెట్టుకోవద్దు. తొమ్మిదేళ్లకో పదేళ్లకో లీజు రాయించి రిజిస్టర్ చేయించండి. సిడ్కో (తమిళనాడు ప్రభుత్వ చిన్న పరిశ్రమల సంస్థ) షెడ్డు అయితే వాళ్ల అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

కాగితాల వరకు క్లుప్తంగా చెప్తాను, వివరాలకు మీ సొంత ఆడిటర్‌ని పెట్టుకోండి, ఆయన ఆడిటర్‌నే వాడుకోకండి. ప్రొప్రైటర్‌షిప్ అయితే జీఎస్టీ నంబరు ఆయన పాన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి మీకు రాదు. కొత్త నంబరు, దాంతోపాటు పెద్ద కంపెనీల్లో కొత్త వెండార్ కోడ్ (సప్లయర్‌గా మీకిచ్చే నంబరు), మళ్లీ ఆడిట్, మళ్లీ శాంపిళ్ల ఆమోదం. దానికి పట్టే నెలలు ముందే లెక్క వేసుకోండి. పార్ట్‌నర్‌షిప్ అయితే మీరు పార్ట్‌నర్‌గా చేరి, ఆయన తర్వాత రిటైర్ అయినా కనీసం ఇద్దరు పార్ట్‌నర్లు మిగిలితే ఫర్మ్ పాన్, జీఎస్టీ, వెండార్ కోడ్ అలాగే ఉంటాయి, పాత బకాయిల భారమూ ఫర్మ్ మీద అలాగే ఉంటుంది. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా తీసుకుంటే అమ్మకం మీద జీఎస్టీ పడదు, మెషీన్లు విడివిడిగా కొంటే పడుతుంది. పీఎఫ్, జీఎస్టీ పాత బకాయిలకు కొన్నవాళ్లు కూడా బాధ్యులే. అందుకే చలాన్లన్నీ చూసి, కొంత డబ్బు ఏడాదో రెండేళ్లో ఆపి ఇచ్చేలా రాసుకోండి. బ్యాంకు లోను కోసం ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే, దాన్ని ఏ తేదీలోగా విడిపిస్తారో మీరే ముందు చెప్పండి. ఆ ఇంట్లో వాళ్లు దాని గురించే ఎదురుచూస్తుంటారు.

చివరగా, సంతకాలయ్యాక ఎవరికి ఏ వరసలో చెప్పాలో ఆయనతో కూర్చుని రాసుకోండి. మేము చేసిన వరస ఇది: పొద్దున సంతకాలు, మధ్యాహ్నం ఆయనే ఫోర్‌మన్‌ని పక్కకు పిలిచి చెప్పారు, సాయంత్రం షిఫ్టు ముగిశాక అందరినీ నిలబెట్టి చెప్పారు. జీతం, సర్వీసు, దీపావళి బోనస్ ఏదీ మారదని ఆయన ముందే నేను చెప్పాను. మర్నాటి నుంచి ఇద్దరం కలిసి ఒక్కో కంపెనీ పర్చేజ్ ఆఫీసుకు వెళ్లాం, ఆర్డర్ పెద్దదున్న చోటు నుంచి మొదలుపెట్టి.