చీలమండ ఆపరేషన్‌కు ముందు మాధవికి

చి. ల. సౌ. మాధవిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

చీలమండకు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ గజ్జె కట్టాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిల్ల పుట్టిన తర్వాత కూడా పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడాలన్న పట్టుదల నీలో తగ్గనందుకు పొంగిపోయాను కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎముకల వార్డులో సిస్టర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కనుక నా భయాలన్నీ ఆ వార్డు నుంచి తెచ్చుకున్నవే.

పదేపదే బెణికిన కాలికి బయటివైపు ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ, అదే లిగమెంట్, సాగి వదులవుతుంది. దాన్ని బిగించి తిరిగి ఎముకకు కుట్టే పద్ధతిని స్వీడన్ వైద్యుడు బ్రోస్ట్రోమ్ 1966లో వివరించాడు. చిన్న చిన్న మార్పులతో నేటికీ అదే ఎక్కువగా చేస్తున్నారు. కొన్ని నెలల పాటు ఫిజియోథెరపీ శ్రద్ధగా చేసినా కాలు మడత పడుతూనే ఉంటే తప్ప కత్తి దాకా వెళ్లకూడదు. అది నువ్వు చేశావట కనుక ఇక ఆ మాట ఎత్తను. పుత్తూరు కట్టు కట్టించుకోమని మీ అత్తగారి వైపు వాళ్లు అంటున్నారని విన్నాను. పెద్దవాళ్లతో వాదానికి దిగకు. కానీ ఏళ్ల తరబడి సాగిన లిగమెంట్ బయట వేసిన కట్టుతో బిగుసుకోదు.

వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పు. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే సిగ్గుపడకుండా అదీ చెప్పు, ఎందుకంటే కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని అవి పెంచుతాయి. కోత దగ్గరగా సన్నని నరాలు పోతాయి కాబట్టి పాదం పైభాగాన కొంత తిమ్మిరి మిగలవచ్చునని ముందే తెలిసి ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ పెదనాన్నగారు వానలో స్కూటర్ మీద నుంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నప్పుడు నువ్వు చిన్నపిల్లవు. ప్లేటు, స్క్రూలు వేసి, డాక్టరు చెప్పేవరకు ఆ పాదం నేల మీద మోపవద్దన్నారు. నాలుగో వారానికల్లా నొప్పి పూర్తిగా పోయింది. ఆయనకు చక్కెర వ్యాధి వల్ల పాదాల్లో నరాలు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. అలాంటివారు మిగతావారికన్నా ఎక్కువ కాలం కాలు మోపకుండా ఉండాలని నేను ఎంత పోరినా, ఊళ్లోవాళ్ల కాళ్లన్నీ చూసి ఇంట్లో వాళ్లను హడలగొడతావంటూ నవ్వి కొట్టిపారేశారు. నేను డ్యూటీకి వెళ్లిన ఒక మధ్యాహ్నం వాకర్ గోడకు ఆనించి, వీధి చివర ఉన్న పెళ్లివారింటికి నడిచి వెళ్లి, పంక్తిలో కూర్చుని భోంచేసి, మళ్లీ నడిచి వచ్చారు. సాయంత్రం నేను వచ్చేసరికి చెప్పు పట్టీలో దూరనంతగా పాదం వాచి, చర్మం నిగనిగలాడుతోంది. అప్పుడు కూడా నొప్పి లేదనే అన్నారు. ఎక్స్‌రేలో చూస్తే స్క్రూలు ఎముకను వదిలి వెలికి వచ్చి, ఎముక పక్కకు ఒరిగి ఉంది. తుంటి నుంచి ఎముక తీసి అతికించి రెండో ఆపరేషన్ చేశారు కానీ, కీలు బిగుసుకుపోయి ఆ తర్వాత ఆయన పీట మీద కూర్చుని పూజ చేసుకోలేకపోయారు. నీకు చక్కెర లేదు, నీది ఎముక విరగడమూ కాదు, అయినా నొప్పి తగ్గగానే లోపలిది అతుక్కుందనుకోవడం ఆయనకైనా నీకైనా ఒకే పొరపాటు. పిల్ల ఏడ్చిందని ఒంటికాలి మీద గెంతుతూ పరుగెత్తావో, నేను ఊరుకోను.

మొదటి రెండు వారాలు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మడమ కింద కాక పిక్క పొడవునా దిండ్లు పెట్టించుకో. వాపు నెలల తరబడి సాయంత్రాలు వస్తూనే ఉంటుంది. దానికి బెంగ పడకు. కట్టు లోపల ఒకేచోట మంటగా ఉన్నా, వాసన వచ్చినా, వేళ్లు నల్లబడినా, పిక్క పట్టేసినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి. 1981లో బస్సు ప్రమాదం తర్వాత నర్తకి సుధా చంద్రన్ కాలు పోయింది చీలమండ దగ్గరి గాయం కుళ్లడం వల్లనే. జైపూర్ కృత్రిమ కాలుతో ఆమె మళ్లీ నాట్యం చేసిందని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందు ఆ గాయమే గుర్తొస్తుంది.

ఆపరేషన్ తర్వాత కాలు కదలకుండా వేసే బూటు తీసిన తర్వాత ఒంటికాలి మీద నిలబడి తూగు నిలుపుకునే వ్యాయామాలు చేయిస్తారు. అది నీ విద్యే కనుక అందరికన్నా ముందుంటానని తొందరపడతావని నా అనుమానం. అడుగులు ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. గట్టిగా తట్టే అడుగులూ పళ్లెమూ అన్నిటికన్నా చివర.

నేను ముందురోజే వచ్చేస్తాను. ఈలోగా అబ్బాయితో చెప్పి బాత్రూమ్‌లో గోడకు గట్టి పట్టుకమ్మీ వేయించు, జారని కాళ్లున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనిపించు. వార్డులో మా దగ్గరికి తిరిగి వచ్చిన వాళ్లలో చాలామంది బాత్రూమ్‌లో జారిపడినవాళ్లే. పిల్లను నేను చూసుకుంటాను, ఉసిరికాయ పచ్చడి కూడా తెస్తున్నాను.

ఇట్లు,
ఆశీస్సులతో మీ పెద్దమ్మ