పొలం అమ్మాలా, వడ్డీకి తేవాలా? ఒక పాస్టరు గారి ప్రశ్న

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 36. బి.డి. (దైవశాస్త్ర డిగ్రీ) పూర్తిచేసి తొమ్మిదేళ్లుగా పరిచర్యలో ఉన్నాను. సంఘం నెలకు 12,000 ఇస్తుంది, కానుకలు సుమారు 6,000 వస్తాయి. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, జీతం 14,000. ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు 24,000. అప్పుల బాధతో, తాగుడు గొడవలతో అర్ధరాత్రి తలుపు తట్టేవారికి ప్రార్థన చేసి పంపడం తప్ప ఏం చేయాలో తెలియడం లేదు. అందుకే పాస్టోరల్ కౌన్సెలింగ్‌లో ఎం.టిహెచ్. (దైవశాస్త్రంలో మాస్టర్స్) చదవాలనుకుంటున్నాను. రెండేళ్లకు ఫీజు, హాస్టలు కలిపి 2,40,000. పోస్టాఫీసులో 1,50,000 ఉంది. మిగతాదానికి నాన్న ఇచ్చిన 30 గుంటలు అమ్మాలా, రెండు రూపాయల వడ్డీకి తేవాలా?

జవాబు: పాస్టరు గారూ, రెండూ వద్దు. చదువు మాత్రం మానకండి.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు 2,000 కడుతూనే ఉంటారు, అసలు కదలదు. మీ తలుపు తట్టేవారిలో చాలామంది ఇలాంటి అప్పులోనే మునిగారు కదా. వారికి ధైర్యం చెప్పవలసిన మనిషి అదే వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడకూడదు. ఇక పొలం: అమ్మిన భూమిని పాస్టరు జీతంతో మళ్లీ కొనలేరు.

మీరు ఫీజు లెక్కే వేశారు. అసలు బరువు ఆగిపోయే రాబడిది. నెలకు 18,000 చొప్పున రెండేళ్లకు 4,32,000, అంటే ఫీజుకు దాదాపు రెట్టింపు. కాబట్టి మొదట మాట్లాడవలసింది బ్యాంకుతో కాదు, సంఘ పెద్దలతో. చదివాక మూడేళ్లు అదే సంఘంలో సేవ చేస్తానని కాగితం మీద రాసిచ్చి, చదువుకునే కాలంలో సగం జీతం, అంటే 6,000 కొనసాగించమని అడగండి. మీరు హాస్టలులో ఉంటే ఇంటి ఖర్చు 20,000కు తగ్గుతుందనుకుందాం. మీ భార్య జీతం, ఈ 6,000 కలిస్తే ఇల్లు గడుస్తుంది.

మిగిలేది ఫీజు. పోస్టాఫీసు డబ్బులో 60,000 వాడి, 90,000 ఆపదకు ఉంచండి. తక్కిన 1,80,000కు విద్యారుణం అడగండి. 4 లక్షల వరకు సాధారణంగా తాకట్టు అడగరు. మీ భార్య సహరుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు ఉండవు కాని వడ్డీ చేరుతుంది. 11 శాతం అనుకుని ఆ వడ్డీ కలిపినా, ఐదేళ్ల వాయిదా నెలకు సుమారు 5,200. ఇప్పుడు మీకు మిగులుతున్న 8,000లో అది ఇముడుతుంది. అప్పు తీరేదాకా మీ పేరిట టర్మ్ బీమా తప్పనిసరి.

డిగ్రీ పట్టా విషయంలో జాగ్రత్త. 1818లో మొదలై, 1827లో డెన్మార్క్ రాజు సనదుతో పట్టాలిచ్చే అధికారం పొందిన సేరంపూర్ కళాశాల సెనేట్ కిందే మన హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. అలాంటి అనుబంధం ఉందో లేదో చేరకముందే అడగండి. సంఘాల్లో గౌరవం ఉన్నా, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ గుర్తింపు లేని పట్టాలున్నాయి. వాటికి బ్యాంకు రుణం దొరకడం కష్టం. ఇంటి దగ్గరే ఉండి దూరవిద్యలో సైకాలజీ చదవవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆ కోర్సును దూరవిద్యలో యూజీసీ ఆపేసింది. ఇంకొకటి, ఈ ఎం.టిహెచ్.తో క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోలేరు. దానికి భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) నమోదు కావాలి. ప్రాణం తీసుకుంటానన్న మనిషి వస్తే ఇప్పటికైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను కలపండి, చదువు పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు.

పెద్దలు ఒప్పుకోకపోతే ఒక ఏడాది ఆగండి. నెలకు 8,000 దాచితే 96,000 అవుతుంది. సంఘం ఏమీ ఇవ్వకపోయినా ఇంటికి తగ్గే 6,000ను అది పదహారు నెలలు పూడుస్తుంది, చివరి ఎనిమిది నెలలకు పోస్టాఫీసు డబ్బులోంచి 48,000 తీయవచ్చు.