చదువుకున్నవాళ్లు కూడా దిష్టి, చేతబడి, అంజనం లాంటివి ఎందుకు నమ్ముతారు?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఇంజనీరింగ్ చదివిన మీ ఆయన, మీ అత్తగారు కలిసి పాపకి రోజూ సాయంత్రం దిష్టి తీస్తున్నారని మీకు చికాకుగా ఉంది. అక్కడి నుంచి చేతబడి, అంజనం, పూనకం అన్నిటినీ ఒకే గాటన కట్టి "చదువుకున్నవాళ్లకి ఇదేం పిచ్చి" అని అడిగారు. అలా ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు పేచీ.

చదువుకీ వీటికీ పెద్దగా సంబంధం లేదండీ. గుండెపోటు ఎలా వచ్చిందో డాక్టర్ బొమ్మ గీసి మరీ చెప్తాడు. "నలభై ఏళ్లకే, అదీ గృహప్రవేశం అయిన వారానికే, మా ఆయనకే ఎందుకొచ్చింది?" అంటే మాత్రం ఆయన దగ్గర జవాబు ఉండదు. ఐసీయూ బయట కూర్చున్న చుట్టాల దగ్గర ఉంటుంది: "ఎవరి కళ్లు పడ్డాయో!" 1920ల చివర్లో దక్షిణ సూడాన్‌లో అజాండే తెగవాళ్ల మధ్య గడిపిన ఎవాన్స్-ప్రిచర్డ్ అనే ఆంత్రోపాలజిస్టు 1937లో అచ్చయిన తన పుస్తకంలో సరిగ్గా ఇదే రాశాడు. అక్కడ ధాన్యం గాదెల్ని గుంజల మీద నిలబెడతారు, ఎండపూట జనం ఆ నీడన కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి మీద పడుతుంది. చెదలు గుంజల్ని తినేశాయని వాళ్లకి తెలుసు, ఒకరు చెప్పక్కర్లేదు. సరిగ్గా వీళ్లు కింద కూర్చున్న వేళకే ఎందుకు కూలిందన్నది వాళ్ల ప్రశ్న. ఎవరో చేసిన మంత్రవిద్య వల్ల అన్నది వాళ్ల జవాబు. అలాంటి ప్రశ్న వేసేవాళ్లని మూర్ఖులంటే నేను ఒప్పుకోను.

అందుకని ఎవరు నమ్ముతున్నారు, ఎవరు నమ్మట్లేదు అన్నది నేను పట్టించుకోను. వచ్చిన జవాబు ఎవరి పేరు చెప్తోందో చూస్తాను. మా పెద్దమ్మ వాళ్లింట్లో అంజనం వేసిన రోజు నుంచీ నాకు ఇదే అలవాటు.

వాళ్లది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. అక్క పెళ్లయిన కొద్ది రోజులకే పెద్దమ్మ రెండు పేటల గొలుసు పోయింది. పోలీసుల దాకా వెళ్తే పరువు పోతుందని పక్క ఊరి నుంచి అంజనం వేసే ఆయన్ని పిలిపించారు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. దేవుడి గది తలుపులు మూసి ఆముదం దీపం పెట్టారు. ఆయన తమలపాకు మీద కాటుకలాంటిది నిగనిగలాడేలా పూసి మా పెద్దమ్మ చిన్నకొడుకు చేతిలో పెట్టాడు. వాడు ఎదురుకాళ్లతో పుట్టాడు, అలాంటి పిల్లలకే కనిపిస్తుందట.

"ఊడ్చేటాయన వచ్చిండా బిడ్డా?"

"వచ్చిండు."

"నీళ్లు చల్లిండా? కుర్చీ ఏసిండా? ఆంజనేయస్వామి కూసున్నడా?"

పొగకి కళ్లు మండి నీళ్లు కారుతుంటే వాడు అన్నిటికీ తలూపాడు. అప్పుడు మొదలైంది అసలు సంగతి.

"గొలుసు తీసింది మొగోళ్లా, ఆడోళ్లా?"

వాడు ఆకు వైపు చూడటం మానేసి వాళ్లమ్మ మొహంలోకి చూశాడు. "ఆడోళ్లు."

"ఇంటి మనిషా, బయటి మనిషా?"

మళ్లీ అమ్మ మొహం. "బయటి మనిషి."

"చేతికి గాజులు నిండుగున్నయా, ఒకటో రెండో ఉన్నయా?"

పెద్దమ్మ అప్పటికే నిట్టూర్చింది. "ఒకటే," అన్నాడు వాడు.

గిన్నెలు తోమే ఆమె పేరు ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమే రాలేదు. ఆమె ఆ సమయానికి పెరట్లో బావి దగ్గర, చేతుల నిండా బూడిదతో గిన్నెల ముందు కూర్చుని ఉంది. తలుపు తీయగానే అందరూ ఎలా చూశారో చూసింది. చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆ వాడలో ఎవరూ ఆమెను పనికి పిలవలేదు. గొలుసు దొరకనూ లేదు. తమ్ముడు పెద్దయ్యాక ఒకసారి అడిగితే, "దీపం తప్ప ఏం కానరాలేదక్కా, అమ్మ ఏమనుకుంటుందో అదే చెప్పిన" అన్నాడు.

ఆ ఊడ్చేవాడు తర్వాత నాకు ఇంకోచోట కూడా కనిపించాడు. ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లిష్ పండితుడు ఈజిప్టు జనజీవితం మీద రాసి 1836లో అచ్చువేసిన పుస్తకంలో ఇలాంటి తంతే ఉంది. కైరోలో పిల్లవాడి అరచేతిలో సిరా పోసి చూడమంటారు. మొదట నేల ఊడ్చేవాడు వస్తాడు, చివరికి సుల్తాను వస్తాడు. అక్కడ సుల్తాను, మా ఊళ్లో ఆంజనేయుడు. ఊడ్చేవాడు మాత్రం రెండుచోట్లా ఉన్నాడు.

అజాండేలయితే బెంగె అనే విషాన్ని కోడిపిల్లకి పోసి, "ఫలానావాడే చేసి ఉంటే ఈ కోడి చావాలి" అంటారు. అంటే పేరు ప్రశ్నలోనే ఉంటుంది. తమకి పడనివాళ్ల పేర్లే తెచ్చి పెడతారు. రాజవంశీకుల పేరు మాత్రం పెట్టరు. మా పెద్దమ్మ ఇంట్లోనూ అదే జరిగింది. పెళ్లికి వచ్చిన చుట్టాలు, వియ్యాలవారు ఇల్లంతా తిరిగి వెళ్లారు. వాళ్లలో ఒక్కరూ ఆ ఆకులో కనిపించలేదు. సర్పంచో, షావుకారో అంజనంలో దొంగగా తేలాడని నేను ఎప్పుడూ వినలేదు, ఎవరూ విని ఉండరు.

ఇప్పుడు మీ అత్తగారు తీసే దిష్టి సంగతి చూడండి. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, నా దిష్టి, అన్నీ పోవాలి" అంటారా లేదా? తనతో సహా ఊరందరినీ కలిపేస్తారు. ఏ ఒక్కరి మీదా కక్ష మిగలదు. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు బయట పారబోస్తే అక్కడితో సరి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగం కూడా ఇలాంటిదే. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా పలికే ఆవిడ, పూజలు సరిగ్గా చేయలేదని అందరినీ కలిపి మందలిస్తుంది, కాపాడతానని మాటా ఇస్తుంది. ఆ గుడి పుట్టుక గురించి చెప్పే కథ నాకు చాలా ఇష్టం. 1813లో జంటనగరాల్లో కలరా వచ్చి జనం చచ్చిపోతుంటే, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనిక ఉద్యోగి ఒకాయన అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి ఇక్కడ విగ్రహం నిలిపాడని చెప్తారు. అంత చావు చూసి కూడా, తెచ్చింది ఫలానావాడేనని ఎవరినీ చెట్టుకు కట్టలేదు ఆ కథలో.

మూఢనమ్మకాల మీద అవగాహన కార్యక్రమాలు చేసేవాళ్లంటే నాకు గౌరవమే, కానీ వాళ్లతో ఒక గొడవ ఉంది. పసుపులో సున్నం కలిపి ఎర్రగా మార్చి చూపించి "చూశారా, ఇందులో మాయ లేదు" అంటారు. ఆ సంగతి మా ఊళ్లో ఏ ముసలమ్మకి తెలియదు? ఆ పూట చేతబడి చేస్తుందని పేరుపడ్డ ఆమె ఇంటికి వెళ్లి, అందరూ చూస్తుండగా నాలుగు ముద్దలు తిని రమ్మనండి, ఊరు మారుతుంది. పొద్దున్నే టీవీలో కూర్చుని "మీ ఎదుగుదల చూసి ఓర్వలేనివాళ్లు మీ దగ్గరి బంధువుల్లోనే ఉన్నారు" అనే జ్యోతిష్కుల మీదైతే నాకు ఇంకా కోపం. ఆ ఒక్క మాటతో ఎన్ని ఇళ్లలో తోడికోడళ్లు మాటలు మానేశారో!

2022 జనవరిలో జగిత్యాలలో ఒక కుల సంఘం సమావేశంలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ అందరి ముందే చంపారు. ఇలాంటి దురాచారాల మీద మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో చట్టాలు వచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనుషులు చచ్చాక హత్య కేసు పెట్టడమే ఉంది. బీహార్ 1999లోనే చేసిన చట్టంలో శిక్ష చాలా తక్కువ, కానీ ఒక మనిషిని మంత్రగత్తె అని ముద్ర వేయడమే అక్కడ నేరం. మనకి కావాల్సింది అదే. పాపకి దిష్టి తీసే నాయనమ్మ జోలికి పోకుండా, వేలు చూపించేవాణ్ని పట్టుకునే చట్టం. బాణామతి, అంటే చేతబడి లాంటిది, చేశారని మనుషుల పళ్లు ఊడగొట్టిన మెదక్ లాంటి జిల్లాల్లో అది ఎప్పుడో రావాల్సింది.