పెల్లెట్ స్టవ్ మంట నీరసంగా ఉంటే ముందు గాలి దారి చూడండి

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మీరు కొత్తగా కొన్న ఇంట్లో పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టును నొక్కి చేసిన గుళికలు, అంటే పెల్లెట్లు, కాల్చి ఇల్లు వెచ్చబరిచే పొయ్యి) వెలిగిస్తే మంట నారింజ రంగులో బద్ధకంగా ఊగుతోందనీ, అద్దం త్వరగా మసిబారుతోందనీ రాశారు కదండీ. చాలావరకు ఇది గాలి అందకపోవడమే.

స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసేయండి. పెల్లెట్లు మండే చిన్న గిన్నెను, అంటే బర్న్ పాట్‌ను, బయటికి తీసి, అడుగున గట్టిపడిన చిట్టెం గీకేసి, ప్రతి రంధ్రంలోంచీ వెలుతురు కనిపించేదాకా శుభ్రం చేయండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు బూడిద దాక్కునేది వెనక పలకల చాటున, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర, గోడ బయటికి పోయే గొట్టంలో. అవన్నీ బ్రష్‌తో దులపాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు, సన్నని బూడిద ఫిల్టర్ దాటి ఇల్లంతా పరుచుకుంటుంది. నిప్పురవ్వ మిగిలి ఉంటే అంటుకుంటుంది కూడా. బూడిద కోసమే చేసిన యాష్ వాక్యూమ్ విడిగా దొరుకుతుంది.

స్టవ్ తలుపు అంచున గాలి చొరబడకుండా ఉండే పట్టీని గ్యాస్కెట్ అంటారు. దానికీ స్టవ్‌కీ మధ్య డాలరు నోటు పెట్టి, తలుపు మూసి లాగండి. తేలిగ్గా జారివస్తే గ్యాస్కెట్ మార్చాల్సిందే.

పాత యజమాని వదిలేసిన పెల్లెట్ల సంచులు బేస్‌మెంట్ సిమెంటు నేల మీదే ఉన్నాయన్నారు. చెమ్మ తగిలిన పెల్లెట్లు ఉబ్బి పొట్టుగా రాలిపోతాయి. ఒకటి విరిచి చూడండి, పుటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఆ సంచి వాడకండి.

ఇంట్లో పసిపాప ఉందన్నారు. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం పెట్టి, పనిచేస్తోందని నొక్కి చూశాకే వెలిగించండి.