రివ్యూ కొట్టేశారు, ఇక దారి లేదా?

ప్రశ్న: ఇటుక మట్టిపై సీనరేజి (మట్టి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) విషయంలో మా బట్టీల సంఘం ప్రభుత్వంతో పోరాడి హైకోర్టులో ఓడిపోయింది. రివ్యూ వేస్తే అదీ కొట్టేశారు. మా వాదన సరిగ్గా విననే లేదండీ. బట్టీ కాల్చే సీజన్, ఒకటే టెన్షన్. ఇప్పుడేం చెయ్యాలి?
– ఒక బట్టీ యజమాని

జవాబు: రివ్యూ అంటే తీర్పు ఇచ్చిన కోర్టే దాన్ని మరోసారి చూసుకోవడం, కేసు మళ్లీ మొదటి నుంచి వినడం కాదు. తీర్పులో కంటికి కనిపించే పొరపాటు ఉండాలి, లేదా ఎంత వెతికినా అప్పట్లో దొరకని కాగితం ఇప్పుడు దొరికి ఉండాలి. పాత వాదననే కొత్త ఫైల్లో పెట్టి తీసుకెళ్తే ఏ జడ్జిగారూ వినరు. ఈ సంగతి మీ లాయరుగారు ముందే చెప్పి ఉండాల్సింది.

అసలు తీర్పు ఇచ్చింది సింగిల్ జడ్జా, డివిజన్ బెంచా (ఇద్దరు జడ్జిల బెంచి)? నాకు కావాల్సింది అది. సింగిల్ జడ్జి రిట్‌లో (ప్రభుత్వ చర్యను సవాలు చేస్తూ నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్‌లో) ఇచ్చినదైతే అదే హైకోర్టులో రిట్ అప్పీలు ఉంది. బెంచి ఇచ్చినదైతే రాజ్యాంగం 136వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి, గడువు 90 రోజులు. రివ్యూ ఉత్తర్వును మాత్రమే సవాలు చేస్తే నిలవదు, అసలు తీర్పునూ కలపాలి. గడువు దాటితే, రివ్యూకు పట్టిన కాలాన్ని చూపి ఆలస్యం మన్నించమని అడగవచ్చు.

ఒక్కమాట. ఇటుక మట్టి లాంటి చిన్న తరహా ఖనిజాలపై నియమాలు చేసే అధికారం 1957 గనుల చట్టం 15వ సెక్షన్ రాష్ట్రాలకే ఇచ్చింది. ‘అసలు వసూలే చెల్లదు’ అనకుండా, లెక్క కట్టిన తీరుపై పోరాడండి. పర్మిట్లు, చలానాలు ఏడాదివారీగా సర్దిపెట్టుకోండి.